పాస్‌బుక్ చూసే కళ్లతో పిల్లల ఎదుగుదల కార్డు కూడా చూద్దాం

పదోన్నతి మీద నాకు లూధియానా బదిలీ అయినప్పుడు మా పాపకి మూడేళ్లు. విజయవాడలో ఉన్నన్నాళ్లూ ఇడ్లీ, అన్నం, పెరుగన్నంతో రోజు గడిచే ఇల్లు మాది. అక్కడికి వెళ్లాక పొద్దున పరాఠా, సాయంత్రం బ్రెడ్డు, రాత్రికి చపాతి అలవాటయ్యాయి. ఏడాది తిరిగేసరికి పాప పొట్ట ఉబ్బింది, కాళ్లూ చేతులూ సన్నబడ్డాయి. రోజుకు మూడు నాలుగుసార్లు దుర్వాసనతో విరేచనాలు. చీటికిమాటికి ఏడుపు.

“పిల్లకి అక్కడి నీళ్లు పడలేదురా” అంది మా అమ్మ ఫోన్లో. నేనూ అదే అనుకున్నాను. తిండికి మారాం చేస్తోందని నెయ్యి రాసిన చపాతి ముక్కలు బతిమాలి, ఒక్కోసారి గదమాయించి నోట్లో పెట్టేవాణ్ణి. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

విరేచనాలకు ఒక మందు, నులిపురుగులకు ఒక మాత్ర, రక్తం తక్కువగా ఉందని ఐరన్ టానిక్ వాడాం. ఏదీ పనిచేయలేదు. వేసవి సెలవులకు విజయవాడ వచ్చి నెల్లాళ్లు అన్నం తిన్నాక పాప కాస్త తేరుకుంది. తిరిగి వెళ్లిన కొన్ని వారాలకే మళ్లీ మొదలు. అప్పుడు చూపించిన పిల్లల డాక్టరు మందుల చీటీలు పక్కన పెట్టి, టీకాల కార్డు అడిగారు. అందులోని ఎత్తు, బరువుల చుక్కలను గీతతో కలిపి చూపించారు. పద్నాలుగు నెలలుగా బరువు పెరగలేదు. ఎత్తు కూడా దాదాపు ఆగిపోయింది. రోజూ ఎందరి ఖాతాల్లోనో నిల్వలు సరిచూసే నేను, నా కూతురి ఖాతాలో జమ ఆగిపోయిన సంగతి గమనించలేదు.

పరీక్షల్లో తేలింది సీలియాక్ వ్యాధి.

ఏమిటీ వ్యాధి?

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. జన్యుపరంగా ఈ వ్యాధికి అవకాశం ఉన్న కొందరిలో, గ్లూటెన్ లోపలికి వెళ్లినప్పుడు శరీరపు రోగనిరోధక వ్యవస్థ తన చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. చిన్నపేగు లోపలి పొర టర్కీ తువ్వాలులా సన్నని పోగులతో నిండి ఉంటుంది. ఆహారంలోని సారాన్ని పీల్చుకునేది అక్కడే. ఆ పోగులు అణగారిపోతే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. ఇది అంటువ్యాధి కాదు, మామూలు అలర్జీ కూడా కాదు.

దీనికి గోధుమతో ఉన్న సంబంధాన్ని పట్టుకున్నది నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విలెమ్ డికె. రెండో ప్రపంచయుద్ధం చివర్లో అక్కడ రొట్టె దొరకనప్పుడు ఈ పిల్లలు కోలుకోవడం, రొట్టె తిరిగి రాగానే జబ్బుపడటం ఆయన గమనించారు. 1950లో తన పరిశోధనను ప్రచురించారు. మా పాప వేసవి సెలవుల కథా అలాంటిదే.

మన దేశంలో ఉత్తరాదిన సుమారు నూటికి ఒకరిలో ఇది కనిపిస్తే, దక్షిణాదిన చాలా అరుదు. అందుకే మనవాళ్లకు వెంటనే ఈ అనుమానం రాదు.

ఏం గమనించాలి?

వారాల తరబడి విరేచనాలు, పొట్ట ఉబ్బరం, వాంతులు, ఆకలి లేకపోవడం, ఎత్తు బరువులు పెరగకపోవడం చిన్నపిల్లల్లో ముఖ్యమైన లక్షణాలు. కానీ అందరికీ విరేచనాలే కానక్కర్లేదు. కొందరికి మలబద్ధకం ఉంటుంది. కాస్త పెద్దపిల్లల్లో ఐరన్ వాడినా తగ్గని రక్తహీనత, తరచూ నోటిపూత, పంటి పింగాణీలో లోపాలు, నీరసం, చిరాకు, ఈడు రావడం ఆలస్యం కావడం మాత్రమే కనిపించవచ్చు. టైప్-1 మధుమేహం, థైరాయిడ్ వ్యాధి, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో, ఇంట్లో మరొకరికి సీలియాక్ ఉన్నవారిలో అవకాశం ఎక్కువ.

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సీలియాక్ అని భయపడనక్కర్లేదు. రెండు మూడు కలిసి కనిపించినా, ఎదుగుదల గీత ఆగినా డాక్టరుని అడగాలి.

పరీక్షకు ముందే గోధుమ మానేయొద్దు

సెలవుల సంగతి చెప్పి, “ఈ రోజు నుంచే చపాతి మానేస్తాం” అన్నాం. డాక్టరు వద్దన్నారు. ముందే మానేస్తే రక్తంలోని యాంటీబాడీలు తగ్గుతాయి, పేగు మానడం మొదలవుతుంది, ఉన్న జబ్బు కూడా లేనట్టే కనిపించవచ్చు. మొదట చేసేది టీటీజీ-ఐజీఏ రక్తపరీక్ష. దాంతోపాటు మొత్తం ఐజీఏ కూడా చూస్తారు, ఎందుకంటే అది సహజంగానే తక్కువ ఉన్నవారిలో మొదటి పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. తర్వాత అవసరాన్ని బట్టి ఎండోస్కోపీ చేసి చిన్నపేగు నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షిస్తారు. మా పాపకు అన్నీ పూర్తయ్యాకే గోధుమ మాన్పించాం.

మన వంటింట్లో

దీనికి వైద్యం జీవితాంతం గ్లూటెన్ లేని ఆహారమే. మన అదృష్టం, బియ్యం, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మొక్కజొన్న, పప్పులు అన్నీ తినవచ్చు. తికమక పడేది రవ్వల దగ్గర. ఇడ్లీ రవ్వ బియ్యంది, ఉప్మాకు వాడే బొంబాయి రవ్వ గోధుమది. మైదా కూడా గోధుమే. అంటే పూరీలు, కాజాలు, మైదా బొబ్బట్లు, చాలా రకాల సేమియా, బిస్కెట్లు కుదరవు. పొడి ఇంగువలో తరచు గోధుమపిండి కలుపుతారు. మాల్ట్ పానీయాల్లో బార్లీ ఉంటుంది. గోధుమ ఆడిన మరలోనే జొన్నలు ఆడిస్తే ఆ పిండి పనికిరాదు. కొన్నవాటి మీద గ్లూటెన్ ఫ్రీ అన్న ముద్ర చూసుకోవాలి. కిలోకు 20 మిల్లీగ్రాముల లోపు ఉంటేనే ఆ మాట వాడాలన్నది మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన.

మొదటి రెండు వారాల్లోనే పాప నవ్వడం మొదలుపెట్టింది. ఆరు నెలల్లో బరువు గీత పైకి లేచింది. డాక్టరు సలహా మీద నాకు, మా ఆవిడకు, బాబుకు పరీక్షలు చేయించాం. మాకెవరికీ లేదు. అయినా తర్వాత రావచ్చు కనుక బాబుకు మళ్లీ చేయిస్తుంటాం. పాపకిప్పుడు పన్నెండేళ్లు. స్నేహితుల పుట్టినరోజులకు తన లడ్డూ డబ్బా తనే పట్టుకెళుతుంది.

బదిలీ ఉత్తర్వు వస్తే మనం ముందు స్కూలు, ఇల్లు వెతుక్కుంటాం. పెట్టెలు సర్దేటప్పుడు పిల్లల ఎదుగుదల కార్డును పైనే పెట్టుకోండి. మూడు నెలలకోసారి ఎత్తు, బరువు రాయండి. గీత ఆగితే “నీళ్లు పడలేదు” అని సరిపెట్టుకోకండి. నేను పద్నాలుగు నెలలు సరిపెట్టుకున్నాను.