సంక్రాంతి నెలలో పథ్యము

పంచాయతీ సభ్యులకు ఈ పాఠము కొంత వింతగా తోచవచ్చును. రోడ్లు, మంచినీరు, వీధిదీపములు, పన్నుల వసూలు, వీనిని గూర్చి వ్రాయుట మాకు అలవాటు. అరిసెలను గూర్చి వ్రాయుట ఇదియే ప్రథమము. కాని 1992లో జరిగిన 73వ సవరణవలన రాజ్యాంగమున చేరిన 11వ షెడ్యూలులో ఆరోగ్యము, పారిశుధ్యము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. మురుగుకాలువతో పంచాయతీకి ఎంత సంబంధము కలదో, గ్రామములో పెరుగుచున్న చక్కెర వ్యాధితోను అంత సంబంధము కలదు. భారత వైద్య పరిశోధన మండలి జరిపించి 2023లో ప్రకటించిన పరిశీలన ప్రకారము దేశములో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి ఈ వ్యాధి ఉన్నది. 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మములో నిలిచియున్నారు. ఇది పట్టణవాసుల రోగమని మనము ఇకమీదట చెప్పుకొనరాదు.

బరువు తగ్గవలెనని వైద్యుడు చెప్పిన వారు ఇపుడు ప్రతి గ్రామములోను కనబడుదురు. మనదేశపు పురుషులకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించినచో ప్రమాదమునకు గుర్తుగా ఎంచుచున్నారు. ఇట్టివారిలో పలువురు శ్రావణము మొదలు మార్గశిరము వరకు శ్రద్ధగా పథ్యము చేసి, వారమునకు అర కిలో చొప్పున తగ్గుచు వత్తురు. అర కిలో చాలును, అంతకంటె త్వరపడనక్కరలేదు. ఇంతలో సంక్రాంతి వచ్చును.

గత సంవత్సరము పండుగ దినములలో మేము కృష్ణా డెల్టాలోని ఒక గ్రామమునకు పోయితిమి. అచటి పంచాయతీ సభ్యులొకరు, అరువదేండ్ల పెద్దమనిషి, నాలుగు నెలలలో ఆరు కిలోలు తగ్గినారు. వీధిలోని రోడ్డు చూపుటకు మమ్ము వెంటబెట్టుకొని బయలుదేరినారు. మొదటి ఇంటి అరుగు మీదనే పళ్లెము సిద్ధముగా ఉన్నది. "నాకు వద్దమ్మా, డాక్టరు వద్దన్నాడు" అని ఆయన చేయి అడ్డుపెట్టగా ఆ ఇల్లాలు, "ఒక్కటి తింటే ఏమవుతుంది బాబాయ్ గారూ! కొత్త బియ్యం, కొత్త బెల్లం. మా ఇంట్లో చేయి కడగకుండా వెళతారా?" అన్నది. ఆయన తినినారు. వీధి చివరకు చేరునప్పటికి అట్టి ఇండ్లు ఆరు దాటినవి. మేమును అన్నింట తింటిమి. మా వైద్యుడు చెప్పిన మాట మాకును ఆ పూట జ్ఞాపకము రాలేదు.

ఒక చిన్న అరిసెలో 20 గ్రాముల బియ్యపుపిండి, 11 గ్రాముల బెల్లము, పీల్చుకొనిన నూనె 6 లేక 7 గ్రాములు ఉన్నవనుకొందము. పిండి వలన 70, బెల్లము వలన 40, నూనె వలన 60, వెరసి 170 క్యాలరీలు. ఆరు అరిసెలకు వేయి దాటును. ఎక్కువ శ్రమలేని పురుషునికి దినమంతటికి కావలసినవి సుమారు రెండువేలు. అనగా రెండు పూటల భోజనము మామూలుగా సాగగా, వీధిలో మరి సగము దినపు ఆహారము లోపలికి పోయినది. గంటసేపు వేగముగా నడచినను 250 క్యాలరీలకు మించి ఖర్చు కావు. కనుక రేపు పొలము గట్టున రెండు చుట్లు తిరిగి సరిచేసుకొందుమనుట లెక్కకు నిలువదు.

బెల్లము చక్కెర వంటిది కాదని, ఎంత తినినను బాధ లేదని పలువురి నమ్మకము. బరువు విషయమున రెంటికి భేదము బహు స్వల్పము: 100 గ్రాముల చక్కెరలో సుమారు 400 క్యాలరీలుండగా, బెల్లములో 380 వరకు ఉండును. అట్లే తెలంగాణమున సకినాలు తీపి కావు గనుక దోషము లేదందురు. కాని అవియు బియ్యపుపిండి, నువ్వులు, నూనెయే గదా. కనుమనాటి మాంసమునకంటె కూరపై తేలు నూనెయే ఎక్కువ చెరుపు.

ఇక అసలు విషయము. పథ్యము చెడునది పండుగ మూడు దినములలో కాదు. భోగి, సంక్రాంతి, కనుమ దినములలో ఒక అరిసె, రెండు గారెలు తినినవాడు చెడిపోడు. చెడునది డబ్బాలవలన. అరిసెలు, జంతికలు, చెక్కలు, సున్నుండలు నిలువ ఉండు వంటకములు. చుట్టములు వెడలిపోయిన తరువాత మాఘమాసము వచ్చువరకు అవి ఇంటిలోనే ఉండును. పొద్దున టీతో రెండు, సాయంకాలము ఊసుపోక రెండు. అమెరికాలో 195 మందిని పరిశీలించి 2000 సంవత్సరమున ప్రకటించిన ఒక వ్యాసములో, వారి పండుగల కాలమున సగటున పెరిగిన బరువు మూడువందల డెబ్బది గ్రాములు మాత్రమేయని తేలినది. కాని అది ఆ తరువాతి నెలలలో తిరిగి తగ్గలేదు. ఏటేట అంతయే చేరుచుండును గనుక ఎవరికిని తెలియదు.

కావున పండుగ పక్షములో ఇంకను తగ్గవలెనని పట్టుబట్టక, ఉన్న బరువును నిలుపుకొనిన చాలునని పథ్యము వారికి చెప్పవలెను. ఇంటిలో పిండివంట తక్కువ పరిమాణమున చేసి, పండుగ మరునాడే పంచివేయుట మేలు. భోజనమున ముందుగా చిక్కుడుకాయ కూర, గుమ్మడికాయ, పప్పు, మజ్జిగ తీసికొని, అన్నము తగ్గించినచో తీపికి చోటు తానే తగ్గును. పొలమునుండి వచ్చిన తేగలు, రేగిపండ్లు ఉండగా డబ్బా మూత తీయనేల?

చక్కెర వ్యాధికి మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడువారు సాయంకాలపు విందు కొరకు పగలు పస్తుండరాదు. చెమట, వణకు, కళ్లు తిరుగుట కలిగినచో, తెలివి ఉండగనే పంచదార నీళ్లు త్రాగించి, ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవలెను.

పంచాయతీ సభ్యులు చేయగలది ఏమి? కొత్త అల్లునికి ఎవరును సహాయము చేయలేరు, ఆ సంగతి విడుతము. తక్కినవారి విషయమున బలవంతము మాన్పించుట మీ చేతులలో ఉన్నది. వైద్యుడు వద్దనిన మనిషిని "ఒక్కటి" అని నిర్బంధించుట మర్యాద కాదని మీరే మొదట మీ ఇంటిలో పాటించవలెను. పళ్లెములో అరిసెల ప్రక్కన ఒక జామపండు, చెరకు ముక్క కాక గ్లాసు మజ్జిగ ఉంచినను ఇంటివారి గౌరవము తగ్గదు. పంచాయతీ జరుపు ముగ్గుల పోటీల వద్దను, ఆటల వద్దను మిఠాయికి బదులు వేరుసెనగలు, పండ్లు పంచవచ్చును.

ఆశా కార్యకర్తతో మాటలాడి, భోగికి ముందు ఒక ఉదయమున ఆరోగ్య కేంద్రపు బరువు యంత్రమును పంచాయతీ కార్యాలయమున ఉంచుడు. వచ్చినవారి బరువు, నడుము కొలత ఒక పుస్తకములో వ్రాయించుడు. ముప్పది ఏండ్లు దాటినవారికి రక్తపోటు, చక్కెర పరీక్షయు ఆనాడే చేయింపవచ్చును. జనవరి 26న గ్రామసభకు అందరు ఎట్లును వత్తురు గదా, ఆనాడు అదే యంత్రముపై మరల నిలుచుండబెట్టుడు. ఆ పుస్తకములో మొదటి పేరు మీదే ఉండనిండు.