తుపాకి గొట్టంపై పరీక్షాముద్రలు – పఠనవిధానం

శాసనపఠనంలో అక్షరాన్ని గుర్తించడం మొదటి మెట్టు మాత్రమే. అది ఏ స్థానంలో, ఎవరి అధికారంతో చెక్కబడిందో తెలియనిదే అర్థనిర్ణయం జరగదు. మూతి నుండి మందు, గుండు కూరి పేల్చే పాత తుపాకుల గొట్టాలపై కనిపించే ముద్రలకూ ఈ సూత్రమే వర్తిస్తుంది. ఇంగ్లండులో తయారైన గొట్టాలను ఆధారంగా గైకొని ఈ విషయాన్ని నిరూపించడం ప్రస్తుత వ్యాసోద్దేశం.

సూరేకారం, గంధకం, బొగ్గు కలిసిన మందును వాడుకలోని పాళ్ళ కంటె చాల హెచ్చుగా కూరి, గొట్టాన్ని పేల్చి చూసేవారు. పగుళ్ళు గాని ఉబ్బు గాని లేక నిలిచిన గొట్టానికే ముద్ర లభించేది. లండను తుపాకి పనివారి సంఘానికి 1637లో రాజు మొదటి ఛార్లెస్ అధికారపత్రం ప్రసాదించాడు. ఆ సంఘపు ముద్రలు రెండు: కిరీటం కింద పెనవేసుకొన్న 'జి.పి.' అక్షరాలు పేల్చి చూచిన పరీక్షకు, కిరీటం కింది 'వి' అక్షరం కంటితో చూచిన పరిశీలనకు గుర్తులు.

బర్మింగ్‌హామ్ పరీక్షాలయం 1813 నాటి పార్లమెంటు చట్టం వల్ల ఏర్పడింది. అచ్చటి ముద్రలో అడ్డంగా పెట్టిన రెండు రాజదండాలు, పైన కిరీటం, మిగిలిన మూడు కోణాలలో 'బి.పి.సి.' అక్షరాలు ఉంటాయి. 1904లో ఈ రూపం మారింది. కాబట్టి ఈ ముద్ర గల గొట్టం 1813–1904 నడుమ పరీక్షకు వచ్చినదని చెప్పవచ్చును. అయితే అది పరీక్షాకాలమే గాని నిర్మాణకాలం కాదు. పాత గొట్టాన్ని మరల పరీక్షింపజేయుట కద్దు.

'12' వంటి అంకెను సంవత్సరంగా గాని అంగుళాలుగా గాని భావించరాదు. ఒక పౌను సీసంతో 12 సమానమైన గుండ్లు పోస్తే, ఒక్కొక్క గుండు వ్యాసమెంతో గొట్టపు రంధ్రమంత అని దాని అర్థం. అది సుమారు 18.5 మిల్లీమీటర్లు. 16 అయితే 16.8 మాత్రమే. అంకె పెరిగితే రంధ్రం తగ్గుతుంది.

మద్రాసు సైన్యపు సిపాయిలు ధరించిన ఈస్టిండియా కంపెనీ తుపాకుల వద్ద మరొక చిక్కు ఉంది. వాటి లాకు పలకపై హృదయాకారంలో 'వి.ఇ.ఐ.సి.' అని ఉంటుంది. ఇచ్చటి 'వి' పరిశీలనకు సంకేతం కాదు; లాటిను లేఖన సంప్రదాయాన్ని అనుసరించి 'యు'కు బదులుగా వ్రాసినది, 'యునైటెడ్' అనే పదానికి తొలి అక్షరం. ఇది యాజమాన్యచిహ్నమే గాని బలపరీక్షకు సాక్ష్యం కాదు. 1808 ప్రాంతం నుండి దీని స్థానంలో కిరీటం పట్టిన సింహం కనిపిస్తుంది. లాకును మార్చడం సులభం గనుక, లాకును బట్టి గొట్టం వయస్సు నిర్ణయించరాదు.

ఒకే అక్షరం గొట్టంపై ఒక అర్థాన్ని, లాకుపై మరొక అర్థాన్ని ఇస్తున్నది. ఈ భేదాన్ని విస్మరిస్తే పట్టికలో కాలం తప్పుతుంది; చేతిలో ప్రాణమే పోవచ్చు. ముద్ర ఆనాటి బలానికే సాక్ష్యం. తరువాత పట్టిన తుప్పును అది చెప్పదు. నేటి పొగరాని మందు ఒత్తిడిని ఆ పరీక్ష ఎన్నడూ ఉద్దేశింపలేదు. అందుచేత ముద్ర చదవడానికి ముందే, మూతి నుండి కర్రపుల్లను దించి, అది రంజకరంధ్రం దాకా పోతున్నదో లేదో బయట కొలిచి చూడాలి. పోనిచో, లోపల పాత మందు నేటికీ ఉన్నదని భావించి, నిపుణునికి అప్పగించడమే కర్తవ్యం.