గళము – దేహము: గీతచిత్రముల తులనమునకు ఒక ప్రమాణము

1. విషయము

ఒక పాటకు దృశ్యరూపము కల్పించి, ఆ పాటకు ప్రచారము చేకూర్చుటకై నిర్మింపబడు చిన్న చిత్రమునకు ‘మ్యూజిక్ వీడియో’ యని లోకవ్యవహారము. ఈ వ్యాసమున దానికి ‘గీతచిత్రము’ అను పేరు గ్రహింపబడినది. వివిధ సంగీతశాఖలకు చెందిన గీతచిత్రములను సరిపోల్చుట మాధ్యమాధ్యయన విద్యార్థులకు తఱచుగా నియమింపబడు అభ్యాసము. రాక్, రాప్, డాన్స్, కంట్రీ అను శాఖలనుండి ఒక్కొక్క చిత్రమును గైకొని, వాని కెమెరా చలనమును, కూర్పు వేగమును, వేషభూషలను, స్థలమును, కథాంశమును పట్టికగా వ్రాయుట పరిపాటి.

ఈ పట్టిక నిరుపయోగము కాదు. కాని యది భేదమును చూపునే గాని భేదమునకు హేతువును చెప్పదు. రాక్ చిత్రమున వాద్యములును, రాప్ చిత్రమున వీథియు కనిపించునని గుర్తించిన పిదప, అవి యేల కనిపింపవలె నను ప్రశ్న మిగిలియే యుండును. హేతువును తెలిసికొనుటకు ఒకే ప్రశ్నను అన్ని శాఖలకును వేయవలెను: తెరపై పెదవి కదల్చు దేహమునకును, చెవికి వినవచ్చు గళమునకును గల సంబంధమేమి? ఆ సంబంధమును ఏ శాఖ యెట్లు చూపుచున్నది? ఏది చూపక దాచుచున్నది? ఈ ప్రమాణము ననుసరించి కొన్ని ప్రసిద్ధ గీతచిత్రములు ఇందు పరిశీలింపబడుచున్నవి.

2. సామాన్య ధర్మము

గీతచిత్రములలో అత్యధికభాగమునకు ఒక సామాన్య ధర్మము కలదు. పాట ముందుగనే ముద్రింపబడి యుండును. చిత్రీకరణ సమయమున ఆ ముద్రితగీతమును వినిపింపగా గాయకుడు దానికి పెదవి కలుపును. 1975లో క్వీన్ బృందము ‘బొహీమియన్ రాప్సొడీ’ పాటకై చేసిన చిత్రమునందును, 1981 ఆగస్టు 1వ తేదీన ఎమ్‌టీవీ ప్రసారములు ఆరంభమైనపుడు ప్రథమముగా చూపబడిన బగుల్స్ బృందపు చిత్రమునందును పద్ధతి యిదియే.

భరతుని పరిభాషలో చెప్పవలెనన్న, ఇచట వాచికము ముందు సిద్ధమై, ఆంగికాహార్యములు తరువాత వచ్చి దానికి అతుకబడుచున్నవి. తానే పాడినవాడు తెరపై కనిపించినను, ఆ క్షణమున అతడు పాడుటలేదు, పాడినట్లు అభినయించుచున్నాడు. కావున ‘ఈ చిత్రము సహజము, ఆ చిత్రము కృత్రిమము’ అను విభాగమునకు మొదటనే తావు లేదు. ఆ యతుకును ఏ శాఖ యెట్లు నిర్వహించుచున్నదో విచారించుటయే యుక్తము.

3. తెలుగు ప్రేక్షకుని సాక్ష్యము

ఈ విషయమున భారతీయ ప్రేక్షకునకు, విశేషించి తెలుగు ప్రేక్షకునకు, చిరకాలపు అనుభవము కలదు. కూచిపూడి భామాకలాపమున సత్యభామ పాత్రధారి తానే దరువు నెత్తుకొని పాడుచు అభినయించుట సంప్రదాయము. పద్యనాటకమున నటుని సొంత గళమే అతని కీర్తికి మూలము. రాగాలాపనతో పద్యము ముగిసిన వెంటనే ‘వన్స్ మోర్’ అని కేకవేయు ప్రేక్షకుడు, ఆ పద్యమును తెరచాటునుండి మఱియొకడు పాడెనని తెలిసినచో సహించియుండడు.

అదే ప్రేక్షకుడు చలనచిత్రశాలలో అడుగిడగానే ఈ నియమమును విడిచిపెట్టెను. భారతీయ చలనచిత్రములలో నేపథ్యగానము 1935లో కలకత్తా న్యూ థియేటర్స్ సంస్థ నిర్మించిన చిత్రములతో వ్యవస్థితమయ్యెను. తరువాత ఎన్.టి. రామారావునకును, అక్కినేని నాగేశ్వరరావునకును ఘంటసాల వేంకటేశ్వరరావు గళమే పలికెను. 1957 నాటి ‘మాయాబజార్’ చిత్రమందలి నౌకావిహారగీతము ముగ్గురు దంపతుల వంటిది. శశిరేఖాభిమన్యులు, రుక్మిణీకృష్ణులు, రేవతీబలరాములు అను మూడు జంటలపై అది చిత్రీకరింపబడెను. గళములు మాత్రము ఘంటసాల, పి. లీల అను ఇద్దరివే. దానిని మోసమని యెవ్వరును భావింపలేదు.

దీనినుండి ఒక ముఖ్యాంశము తేలుచున్నది. గళదేహముల ఐక్యమును కోరుట ఒక జాతి స్వభావము కాదు, ఒక శాఖ స్వభావము. ఒకే ప్రేక్షకుడు రంగస్థలమున ఒక ఒప్పందమును, చిత్రశాలలో వేఱొక ఒప్పందమును అంగీకరించుచున్నాడు.

4. రాక్: వాద్యమే సాక్ష్యము

రాక్ సంగీతము తన్ను తాను ‘స్వయముగా వాయించువారి సంగీతము’గా చెప్పుకొనును. కావున ఆ శాఖ చిత్రములలో వాద్యము కేవలాలంకారము కాక సాక్ష్యమగును. 1991లో శామ్యూల్ బేయర్ దర్శకత్వమున వచ్చిన నిర్వాణ బృందపు ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’ చిత్రమున ఒక పాఠశాల వ్యాయామశాల, అందు గిటారులు, డ్రమ్ములు, చెమటతో తడిసిన యువజనసమూహము కనిపించును. తుదకు ఆ జనము రంగమునే ధ్వంసము చేయును. ఇదియంతయు ‘ఇది ఇప్పుడే, ఇచటనే జరుగుచున్నది’ అని నమ్మించుటకే.

ఆ సాక్ష్యము ఎంత సులభముగా కల్పింపవచ్చునో 1986 నాటి ‘వాక్ దిస్ వే’ చిత్రము తెలుపును. రాప్ బృందమగు రన్-డి.ఎమ్.సి., రాక్ బృందమగు ఏరోస్మిత్ ప్రక్క ప్రక్క గదులలో నుండి పోటీపడుచుండగా, స్టీవెన్ టైలర్ నడుమ గోడను పగులగొట్టును. రెండు శాఖల కలయికకు ఇంతకన్న స్పష్టమైన చిత్రణము లేదు. అయితే ఆ రాక్ బృందమున టైలర్, జో పెరీలు తప్ప మిగిలినవారు ఏరోస్మిత్ సభ్యులు కారు, ఆ వేషము ధరించిన యితరులు. చూచువారికి కావలసినది గిటారు పట్టిన దేహము. అది యెవరిదను ప్రశ్న పుట్టలేదు.

ఇచట శాఖానామమునకు గల లౌకికశక్తిని గూడ గమనింపవలెను. ఎమ్‌టీవీ తొలి సంవత్సరములలో రాక్ సంగీతమునకే తాను ఏర్పడినట్లు చెప్పుకొని, నల్లజాతి గాయకుల చిత్రములను మిక్కిలి తక్కువగా ప్రసారము చేసెను. 1983లో ఆ ప్రసారసంస్థ ప్రతినిధి తన్ను ప్రశ్నింప వచ్చినపుడు, గాయకుడు డేవిడ్ బౌయీ ఈ లోపమును గూర్చి యాతనినే ఎదురు ప్రశ్నించెను. ఆ యేడే మైకేల్ జాక్సన్ ‘బిల్లీ జీన్’ చిత్రము ఆ తెరపై విరివిగా కనిపించుటతో ద్వారము కొంత తెఱచుకొనెను. రాప్ సంగీతమునకు ప్రత్యేక కార్యక్రమము 1988లో గాని ఏర్పడలేదు. శాఖావిభాగము శాస్త్రజ్ఞుని పట్టికలోని గడి మాత్రమే కాదు. ఎవరి దేహము కనబడవలెనో నిర్ణయించు వాకిలి కూడ అదియే.

5. రాప్: స్థలమే సాక్ష్యము

రాప్ కవి ‘నేను’ అని పలుకును. ఆ ‘నేను’ ఎచటివాడో చూపుట ఆ శాఖకు ప్రధానము. కావున ఇచట వాద్యముల స్థానమును వీథి ఆక్రమించినది. 1989లో స్పైక్ లీ దర్శకత్వమున వచ్చిన పబ్లిక్ ఎనిమీ బృందపు ‘ఫైట్ ది పవర్’ చిత్రము న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్ వీథులలో ఒక జనసభగా, ఊరేగింపుగా చిత్రింపబడినది. గాయకుని వెనుక నిలిచిన జనమే ఆతని మాటకు హామీ.

అయినను ఈ శాఖలోను అతుకు లేకపోలేదు. 1982 నాటి ‘ది మెసేజ్’ నగరజీవనపు దైన్యమును వినిపించిన రాప్ గీతములలో అగ్రగణ్యము. రికార్డుపై గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్, ఫ్యూరియస్ ఫైవ్ బృందము పేరు కలదు. కాని ఆ పాటలో వినవచ్చు ప్రధానగళములు మెలీ మెల్, గీతకర్తలలో నొకడైన ఎడ్ ఫ్లెచర్ అనువారివి. ఫ్లెచర్ బృందసభ్యుడు కాడు. అతడు పలికిన భాగములకు చిత్రమున రహీమ్ అను సభ్యుడు పెదవి కదల్చెను. వీథి నిజమైనది, వేదన నిజమైనది. నోరు మాత్రము వేఱొకనిది. స్థలము ఇచ్చిన సాక్ష్యము బలముగా నుండుటచే ఈ భేదము ప్రేక్షకుని దృష్టికి రాలేదు.

6. డాన్స్: విడివడిన గళము

నృత్యప్రధానమగు పాప్ సంగీతమున దేహమే ప్రధానము. అందువలన గళదేహముల వియోగము ఇచట తఱచు. 1970లలో జర్మనీ నిర్మాత ఫ్రాంక్ ఫారియన్ బోనీ ఎమ్ బృందపు రికార్డులలో పురుషగళమును తానే పాడగా, వేదికపై బాబీ ఫారెల్ నర్తించెను. దానివలన గొప్ప కోలాహలమేమియు పుట్టలేదు. అదే నిర్మాత తరువాత మిల్లీ వనిల్లీ అను ఇద్దరు యువకుల జంటతో అదే పద్ధతి ననుసరించెను. ఆ జంటకు 1990లో ఉత్తమ నూతన కళాకారులుగా గ్రామీ పురస్కారము లభించెను. రికార్డులలోని గళములు వారివి కావని నిర్మాత వెల్లడింపగా, ఆ యేడు నవంబరులో పురస్కారము రద్దు చేయబడెను. నృత్యము మాఱలేదు, పాట మాఱలేదు. పురస్కారము ‘గాయకుల’ దగుటచే ఒప్పందము మాత్రము మాఱినది.

ఈ వ్యవహారమున నిందపడినవారు నర్తకులు. వినబడియు కనబడని గాయకుల నష్టమును మార్తా వాష్ అను గాయని వివాదము వెల్లడించును. 1990లో సి అండ్ సి మ్యూజిక్ ఫ్యాక్టరీ విడుదల చేసిన పాటలో ముఖ్యగళము ఆమెది. చిత్రమున దానికి పెదవి కదల్చినది జెల్మా డేవిస్. మార్తా వాష్ న్యాయస్థానము నాశ్రయించెను. తుదకు కుదిరిన ఒప్పందమును బట్టి, గళము వాష్‌దనియు, దృశ్యరూపము డేవిస్‌దనియు చిత్రమున పేర్కొనవలసినదిగా రికార్డు సంస్థ ఎమ్‌టీవీని కోరెను. మన చలనచిత్రముల పేర్లపట్టికలో ‘నేపథ్యగానము’ అను ఒక్కమాట నెఱవేర్చు కార్యమే యిది. దానిని సాధించుటకు అచట వ్యాజ్యము కావలసివచ్చెను.

7. కంట్రీ: వయస్సే సాక్ష్యము

కంట్రీ సంగీతమున గాయకుని జీవితమే పాటకు పూచీ. 2003లో మార్క్ రొమానెక్ దర్శకత్వమున వచ్చిన జానీ క్యాష్ ‘హర్ట్’ చిత్రము ఇందుకు తార్కాణము. పాట క్యాష్ రచన కాదు. నైన్ ఇంచ్ నెయిల్స్‌కు చెందిన ట్రెంట్ రెజ్నర్ రచించి 1994లో వెలువరించినది. డెబ్బది యేండ్లు దాటిన క్యాష్ తన యింటను, మూతపడిన తన స్మారకప్రదర్శనశాలలోను కనిపించును. నడుమనడుమ యౌవనమునాటి చలనచిత్రఖండములు మెఱయును. మెట్లపై నిలిచి భార్య జూన్ ఆతనిని చూచుచుండును. ఆమె ఆ యేడు మే నెలలోను, అతడు సెప్టెంబరులోను మరణించిరి. వణకు చేతులు, ముడుతలు పడిన ముఖము వేఱొకని పాటను ఆతని స్వంతము చేసినవి. ఇచట గళము నిజముగా గాయకునిదే. అతుకు గాయకునకును గీతకర్తకును నడుమ నున్నది. దానిని వయస్సు కప్పివైచినది.

8. దక్షిణాసియా గీతచిత్రములు

భారతదేశమున స్వతంత్ర గీతచిత్రము నేపథ్యగానమునకు ప్రతిక్రియగా అర్థవంతమగుచున్నది. అంతకుముందే చలనచిత్రములలో పాడి పేరొందిన అలీషా చినాయ్, 1995లో ‘మేడ్ ఇన్ ఇండియా’ చిత్రమున తానే తెరపై నాయికగా నిలిచెను. పాశ్చాత్యునకు అది సామాన్య పాప్ చిత్రముగా తోపవచ్చును. కాని నేపథ్యమున దాగియుండు గళము దేహమును ధరించి ముందునకు వచ్చుట మన సందర్భమున విశేషము. 2008లో పాకిస్తానమున ఆరంభమైన కోక్ స్టూడియో ఇంకొక అడుగు ముందునకు వేసి, గానముద్రణశాలనే దృశ్యరంగముగా చేసెను. పాడుటయే అచట కథ.

తెలుగు చలనచిత్రగీతమగు ‘నాటు నాటు’ ఈ రెండు ఒప్పందములను ఒకేచోట చూపినది. 2021లో కీవ్ నగరమున మరీన్‌స్కీ రాజభవనము ముందు చిత్రీకరింపబడిన ఆ పాటకు తెరపై దేహములు ఎన్.టి.ఆర్., రామ్‌చరణ్‌లవి, గళములు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవలవి. 2023 మార్చి 12న ఆస్కార్ వేదికపై గాయకులిద్దఱును ప్రత్యక్షముగా పాడగా, వేఱు నర్తకులు నర్తించిరి. ఒకే పాటకు తెరపై ఒక దేహము, వేదికపై ఒక దేహము; గళము మాత్రము మాఱలేదు. ఆ రాత్రి ప్రపంచము గళములను గూడ చూచినది.

9. ఫలితము

పై పరిశీలనము వలన మూడు స్థితులు ఏర్పడుచున్నవి. గళదేహముల వియోగమును బాహాటముగా అంగీకరించునది మొదటిది. నేపథ్యగానము దీనికి లక్ష్యము. వియోగ మున్నను దానిని దాచునది రెండవది. డాన్స్ శాఖలోని వివాదములు దీనికి లక్ష్యములు. ఐక్యమును చాటుకొని, వాద్యమును, స్థలమును, వయస్సును సాక్ష్యముగా నిలుపునది మూడవది. రాక్, రాప్, కంట్రీ శాఖలు దీనికి లక్ష్యములు. ఒక శాఖ మూడవ స్థితిని చాటుకొనుచునే రెండవ స్థితిలో నుండవచ్చునని ‘ది మెసేజ్’, ‘వాక్ దిస్ వే’ చిత్రములు తెలుపుచున్నవి.

కావున గీతచిత్రములను సరిపోల్చు విద్యార్థి తన పట్టికలో కెమెరా, కూర్పు, వేషము అను గడులకు ముందు మఱి మూడు గడులను చేర్చుకొనుట మేలు: గళ మెవరిది, దేహ మెవరిది, పేరు ఎవరికి దక్కినది. మొదటి రెండింటికి సమాధానము లభించినచో ఆ శాఖ లక్షణము తెలియును. మూడవదానికి సమాధానము లభించినచో దాని న్యాయము తెలియును.