లింకు కన్నా ముందు ల్యాప్‌టాప్ వెళ్లాలి

హైదరాబాద్ ఐటీ కంపెనీల హెచ్‌ఆర్‌లో చాలా ఏళ్లు చేసి ఈమధ్యే రిటైరయ్యాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చేదాకా కొత్త ఉద్యోగుల ఇండక్షన్ అంటే మాదాపూర్‌లో ఒక హాలు, గడ్డకట్టించే ఏసీ, సమోసా, మెడలో కొత్త ట్యాగు. ఆఫీసులు మళ్లీ తెరిచాక కూడా చాలాచోట్ల అది తెర మీదే ఉండిపోయింది. ఈ బాధ్యత కొత్తగా నెత్తిన పడ్డ పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. వాళ్లకి చెప్పేవే ఇవి.

1. లింకు కన్నా ముందు ల్యాప్‌టాప్ వెళ్లాలి. పార్వతీపురంలోనో కొత్తగూడెంలోనో ఉన్న కుర్రాడికి కొరియర్ ఎప్పుడు చేరుతుందో కనుక్కోకుండా సోమవారం తొమ్మిదింటికి మీటింగ్ పెట్టేస్తారు. వాడు ఫోన్‌లోంచి చేరతాడు. పాస్‌వర్డ్ మార్చాలంటే ఆఫీసు మెయిల్ తెరవాలి, మెయిల్ తెరవాలంటే పాస్‌వర్డ్ మార్చాలి. ఈ తంటాలో ఉన్నవాడికి చైర్మన్ గారి సందేశం ఏం ఎక్కుతుంది? ఐటీ సపోర్టు నుంచి ఒక మనిషిని ఆ ఉదయమంతా ఫోన్ దగ్గర కూర్చోబెట్టండి. మిగతాది మధ్యాహ్నం చూసుకోవచ్చు.

2. పేర్లు సరిచూడండి. మనవాళ్ల పేర్లతో పెద్ద చిక్కే ఉంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటే ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది, పాన్‌లో ముందుది వెనక్కి పోతుంది, పెళ్లయిన అమ్మాయికి బ్యాంకులో మరో ఇంటిపేరు. పీఎఫ్ కోసం ఇచ్చే 12 అంకెల యూఏఎన్ ఆధార్‌తో ముడిపడి ఉంటుంది. కంపెనీ రికార్డులో పేరు దానితో కలవకపోతే ఆ సంగతి తరచు ఉద్యోగం మారి డబ్బు బదిలీ పెట్టుకున్న రోజునే బయటపడుతుంది. అప్పటికి పాత కంపెనీలో ఫోనెత్తే నాథుడుండడు. కాబట్టి పీఎఫ్ మీద అరగంట స్లైడ్లు వద్దు. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకోమనండి. తేడా ఉన్నవాళ్లతో మర్నాడు విడిగా మాట్లాడండి. యూఏఎన్ యాక్టివేట్ కాగానే ఈ-నామినేషన్ కూడా కూర్చోబెట్టి చేయించేయండి. తర్వాత చేసుకుంటాం అన్నవాళ్లు చేసుకోరు.

అన్నట్టు, సాఫ్ట్‌వేర్ ఇంటిపేరు పట్టుకుని "హాయ్ గుడిపాటి" అని స్వాగతం పలికితే ఆ పిల్ల వాళ్ల నాన్నను పిలుస్తున్నారనుకుంటుంది. ఏమని పిలవాలో ముందే అడగండి.

3. "ఎనీ క్వశ్చన్స్?" అని అడిగి లాభం లేదు. నలభైమంది ఉన్న తెర మీద ఎవరూ నోరు విప్పరు. అయిదారుగురి చొప్పున బ్రేకౌట్ రూముల్లో వేసి, ఒక్కో రూములో రెండేళ్లు పనిచేసిన ఉద్యోగిని పెట్టండి, మేనేజర్ని మాత్రం వద్దు. తెలుగులో మాట్లాడుకోనివ్వండి. అప్పుడు వస్తాయి అసలు ప్రశ్నలు: జీతం ఏ తారీఖున పడుతుంది, ప్రొబేషన్‌లో సెలవు పెడితే కోస్తారా, కెమెరా ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలా, మేనేజర్ని పేరు పెట్టి పిలవమంటున్నారు, సార్ అంటే ఏమనుకుంటారు? వచ్చే బ్యాచ్‌కి మీ మొదటి స్లైడ్ ఇవే.

4. చైర్మన్ గారి ప్రసంగం పది నిమిషాలు. ఆ మాట ఆయనకి మీరే చెప్పాలి, ఇంకెవరూ చెప్పరు.

5. పని చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం, పదిమంది అంతకు మించి ఉద్యోగులున్న చోట అంతర్గత కమిటీ ఉండాలని, దాని ఉత్తర్వు అందరి కంట పడేలా పెట్టాలని అంటుంది. ఇంట్లో కూర్చున్న అమ్మాయికి ఆ నోటీసు బోర్డు ఎక్కడిది? మనం చేసేదల్లా ఒక వీడియో, చివర్లో క్విజ్. పిల్లలు వీడియోని రెండింతల వేగంతో పరుగెత్తించి, జవాబులు వాట్సాప్‌లో పంచుకుంటారు. రిపోర్టులో మాత్రం నూటికి నూరు! కమిటీ సభ్యురాలిని తెర మీదికి పిలవండి. ఫిర్యాదుకు మామూలుగా మూడు నెలల గడువుందని, అర్ధరాత్రి వచ్చే మెసేజ్ కూడా వేధింపు కావచ్చని ఆవిడ చేతే చెప్పించండి. ముఖం తెలియని మెయిల్ ఐడీకి ఏ ఆడపిల్లా తన గోడు రాసుకోదు.

6. ఉద్యోగం వచ్చిందని లింక్డ్‌ఇన్‌లో పెట్టగానే మోసగాళ్లు కాచుకుని ఉంటారు. సీఈఓ ఫొటోతో వాట్సాప్‌లో మెసేజ్: "మీటింగ్‌లో ఉన్నాను, అర్జెంటుగా గిఫ్ట్ కార్డులు కొని కోడ్‌లు పంపు." పాతవాళ్లు నవ్వి వదిలేస్తారు. కొత్తవాళ్లు పెద్దాయనే అడిగారని జేబులోంచి పెట్టి కొంటారు. సైబర్ సెక్యూరిటీ పాఠం నెలాఖరుకి వాయిదా వేస్తే వేయండి, ఈ ఒక్క మెసేజ్ మాత్రం మొదటిరోజే చూపించండి.

7. పరీక్ష పెట్టదలిస్తే పని చేయించి చూడండి. సిస్టంలో ఒక సెలవు అప్లై చేసి రద్దు చేయమనండి, టైంషీట్ నింపమనండి, ఐటీ సపోర్టుకి టికెట్ వేయమనండి. ఎక్కడ ఆగిపోయారో మీకే కనిపిస్తుంది. నెల తిరిగాక అందరినీ మళ్లీ ఒక గంట కలపండి. డెలివరీ ఉందంటూ మేనేజర్లు పిల్లల్ని వదలరు, అందుకని ఆ గంటను చేరిన రోజే క్యాలెండర్‌లో వేయించి మేనేజర్ చేత ఒప్పించుకోండి. స్లైడ్లు తీసుకెళ్లకండి. రానివాళ్లెవరో చూసి ఆ సాయంత్రమే వాళ్లకి ఫోన్ చేయండి.