ఇమ్యూనిటీకి ఆగడమూ తెలియాలి

చెల్లీ, ఈమధ్య ఎవరిని పలకరించినా ఇమ్యూనిటీ పెంచుకోవాలన్న మాటే. కషాయాలట, పొడులట! మరి కీళ్లవాతంతో పొద్దున్నే వేళ్లు ముడవక, జాకెట్టు హుక్కు కూడా పెట్టుకోలేక ఏడ్చే ఆడవాళ్లను చూశావా? వాళ్ల ఇమ్యూనిటీ సొంత కీళ్ల మీదే తిరగబడింది. ఈ జబ్బు మగవాళ్లకంటే మనకే రెండు మూడు రెట్లు ఎక్కువ.

ఇమ్యూనిటీలో పోరాడేవి టీ కణాలు. ఎవరి మీద పడాలో, ఎవరిని వదిలెయ్యాలో వాటికి చెప్పేది డెండ్రిటిక్ కణం. 1973లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్ ఎలుక ప్లీహంలో దీన్ని గుర్తించారు. 2011లో స్టైన్‌మన్‌కు నోబెల్ ప్రకటించారు కానీ, ఆ కబురు వినడానికి ఆయన లేరు. మూడు రోజుల ముందే క్లోమ కాన్సర్‌తో పోయారు. తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

ఈ కణం దొరికిన క్రిమిని ముక్కలు చేసి, ఓ ముక్కను ఎంహెచ్‌సీ అనే ప్రొటీన్‌కు తగిలించి, లింఫ్ గ్రంథికి వెళ్లి టీ కణానికి చూపిస్తుంది. అంతమాత్రాన టీ కణం కదలదు. జాతకాలు కలిసినా పెద్దలు సరేనంటేనే కదా తాంబూలాలు! ఇక్కడ సరే అనేవి డెండ్రిటిక్ కణం పైపొర మీది సీడీ80, సీడీ86 అనే ప్రొటీన్లు. అవి టీ కణం మీది సీడీ28తో కలిస్తేనే ఆ టీ కణం పెరిగి, పోరుకు దిగుతుంది. అవి లేకుండా ముక్క ఒక్కటే కనబడితే మొద్దుబారి ఊరుకుంటుంది. మన ఒళ్లు మనమే తినేయకుండా బతుకుతున్నామంటే ఇదీ ఒక కారణమే.

ఇంకో సంగతి విను. టీ కణాల మీదే సీటీఎల్ఏ-4 అని మరొకటి ఉంటుంది. సీడీ80, 86లకు అది సీడీ28 కంటే గట్టిగా అతుక్కుంటుంది. వాటిని డెండ్రిటిక్ కణం మీంచి లాగేసి మింగేస్తుంది కూడా. దాంతో పోరు చల్లారుతుంది. ఈ కిటుకుతోనే అబాటసెప్ట్ అనే మందు చేశారు. 2005లో అమెరికాలో కీళ్లవాతానికి అనుమతి వచ్చింది. కాన్సర్‌కు మాత్రం దీనికి ఎదురు: ఐపిలిముమాబ్ అనే మందు ఆ సీటీఎల్ఏ-4నే అడ్డుకుని టీ కణాలను ఉసిగొల్పుతుంది. అందుకే ఆ మందు వాడినవాళ్లలో కొందరికి పేగులు వాచి విరేచనాలు పట్టుకుంటాయి. పెంచుకుంటే చాలనే వాళ్లకు ఇంతకన్నా ఏం చెప్పాలి?

పొద్దున లేచాక గంట దాటినా కీళ్ల బిగువు సడలకపోతే, వారాల తరబడి అలాగే ఉంటే, పొడుల డబ్బా పక్కనపెట్టి రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లు తల్లీ. మొదట్లోనే మందు పడితే వేళ్లు వంకరపోకుండా కాపాడుకోవచ్చు.