పేరులోనే లెక్క

వంటగ్యాసు సిలిండరులో ఉండేవి ముఖ్యంగా ప్రొపేను, బ్యూటేను. ఈ పేర్లు వినగానే ఒక్కో అణువులో ఎన్ని కర్బన పరమాణువులున్నాయో మీరు చెప్పేయవచ్చు. మిథ్ అంటే ఒకటి, ఇథ్ రెండు, ప్రొప్ మూడు, బ్యూట్ నాలుగు. ఈ నాలుగూ కంఠస్థం చేయక తప్పదు. ఆపైన చాలావరకు గ్రీకు అంకెలే: పెంటేను, హెక్సేను, హెప్టేను. చివరనున్న 'ఏను' అన్నీ ఏకబంధాలే అనడానికి గుర్తు. 1892లో జెనీవాలో సమావేశమైన రసాయన శాస్త్రజ్ఞులు ఈ పద్ధతికి పునాది వేశారు.

ఇప్పుడు కాగితం తీసుకోండి. మూడు కర్బనాల గొలుసు గీసి, నడిమిదానికి రెండు కర్బనాల కొమ్మ తగిలించండి. పేరేమిటి? '2-ఇథైల్ ప్రొపేను' అన్నారా? పరీక్షల్లో చాలామంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే! కొమ్మ కొస నుంచి నడిమి కర్బనం మీదుగా ఒక పక్కకు లెక్కపెట్టండి. నాలుగు వచ్చాయి కదూ! గొలుసు తిన్నగా ఉండాలన్న నియమమేమీ లేదు. అన్నిటికన్న పొడవైనదే అసలు గొలుసు. మిగిలిన ఒక్క కర్బనమే కొమ్మ. దానికి దగ్గరి కొస నుంచి అంకెలు వేస్తే, ఇది 2-మిథైల్ బ్యూటేను.

హెక్సేనులో 6 కర్బనాలు, 14 హైడ్రోజన్లు. రెండు కొసలూ కలిసి వలయం కావాలంటే ఒక్కో కొస ఒక్కో హైడ్రోజన్‌ను వదులుకోవాలి. మిగిలేవి 12. ఇదే సైక్లోహెక్సేను. 'సైక్లో' రాయడం మరిచారో, పదార్థమే మారిపోతుంది: హెక్సేను సుమారు 69 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగితే, ఇది 81 వద్ద మరుగుతుంది.

వలయానికి మొదలూ చివరా లేవు. అందుకని కొమ్మ ఒక్కటే అయితే అంకె అక్కరలేదు. మిథైల్ సైక్లోహెక్సేను అంటే చాలు. పక్కపక్క కర్బనాలకు రెండు మిథైల్ కొమ్మలుంటే? మీరే పేరు పెట్టి చూడండి.

(జవాబు: 1,2-డైమిథైల్ సైక్లోహెక్సేను)