పెరటి మిరప: పెంపకము, కోత

ఈ సంవత్సరము మొదటి తరగతిలో విద్యార్థులను ఒక చిన్న ప్రశ్న అడిగినాను. మిరపకాయలో కారము ఏ భాగములో ఉంటుంది? ఉర్దూ మాధ్యమము వారు, తెలుగు మాధ్యమము వారు అను భేదము లేకుండ అందరూ ఒకే జవాబు చెప్పినారు: గింజలలో. ఇళ్ళలో పెద్దలు చెప్పేదీ అదే. కాని ఆ జవాబు తప్పు. కాయను నిలువుగా చీల్చి చూసినచో తొడిమ వైపునుండి లోపలికి దిగిన తెల్లని మెత్తని భాగము కనబడుతుంది. గింజలు దానినే అంటిపెట్టుకొని ఉంటాయి. వృక్షశాస్త్రములో దానిని అండన్యాసస్థానము అంటారు. కాప్సైసిన్ అనే కారపు పదార్థము తయారయ్యేది అక్కడనే. గింజ కారముగా ఉన్నదంటే ఆ భాగముతో ఒరుసుకొన్నందువలన అంటిన కారమే గాని దాని సొంతము కాదు.

రోజుకు రెండు పూటలు తినే వస్తువును గురించి మనకు తెలిసినది ఇంతేనా అనిపించి ఈ వ్యాసము వ్రాయుటకు పూనుకొన్నాను. పెరటిలో నాలుగు మిరప మొక్కలు వేసి ఒక పంట కాలము శ్రద్ధగా గమనించిన విద్యార్థికి పాఠ్యపుస్తకములోని అనేక అధ్యాయములు కన్నుల ఎదుటనే నడుస్తాయి. అయితే శ్రద్ధ అను మాటను కొంచెము జాగ్రత్తగా వాడవలెను. ఇన్నేళ్ళలో నా పెరటిలో చచ్చిన మిరప మొక్కలలో పెక్కు నిర్లక్ష్యము వలన చావలేదు. నేను ఎక్కువగా పట్టించుకొన్నందువలన చచ్చినవి.

మిరప మన దేశములో పుట్టిన మొక్క కాదు. మెక్సికో ప్రాంతపు ప్రజలు వేల సంవత్సరముల క్రితమే దీనిని సాగులోనికి తెచ్చుకొన్నారు. మనకు దీనిని పదునారవ శతాబ్దములో పోర్చుగీసువారు ఓడలమీద తెచ్చినారు. అంతవరకు మన వంటలలో కారమంటే ప్రధానముగా మిరియాలదే. అందుచేత క్రొత్త కాయకు పాత పేరే అంటుకొన్నది. తెలుగులో మిరియము ప్రక్కన మిరప. ఉర్దూలో కాలీ మిర్చ్ ప్రక్కన లాల్ మిర్చ్, హరీ మిర్చ్. స్పెయిన్ వారు కూడ తమ భాషలోని మిరియపు పేరునే కొంచెము మార్చి దీనికి పెట్టుకొన్నారు. నిజమునకు మిరియపు తీగకు, మిరపకు ఏ చుట్టరికమూ లేదు. మిరప బంధువులు వంగ, టమాటా, బంగాళాదుంప, పొగాకు. ఈ బంధుత్వము పరీక్షలో వ్రాయుటకే గాక పెరటిలోనూ పనికివస్తుంది. ఒకరికి వచ్చిన తెగులు మరొకరికి సులభముగా సోకుతుంది కనుక నిరుడు వంగ పెంచిన మడిలో ఈ ఏడు మిరప నాటరాదు.

మాది గుంటూరు ప్రాంతము. ఇక్కడ జూలై, ఆగస్టు మాసములలో నారు పోసి, ఐదారు వారముల తరువాత నాటితే శీతకాలమంతా కాయలు దొరుకుతాయి. ఇంటికి ఏ రకము మేలు అన్నది మీ వంటింటి అవసరమును బట్టి ఉంటుంది. పచ్చి కాయలకు ఢిల్లీ పరిశోధనాలయము వారి పూసా జ్వాల మంచిది; కాయ పొడుగుగా, ముడతలు ముడతలుగా ఉంటుంది. మా గుంటూరు ప్రక్కనే ఉన్న లాం పరిశోధన స్థానము నుండి వచ్చిన భాగ్యలక్ష్మి అనే జి-4 రకము కూడ చాలకాలము మా పెరటిలో ఉన్నది. ఎండుకారము ఘాటుగా కావలెనన్నవారు తేజ వైపు చూస్తారు. బజారులో కొన్న ఎండుమిరప గింజలు వేయవచ్చునా అని కొందరు అడుగుతారు. అవి సాధారణముగా మొలుస్తాయి. కాని ఆ కాయలు సంకర రకానివైతే వాటి పిల్లలు అన్నీ తల్లిని పోలవు. ఒక మొక్క పొట్టి, ఒక మొక్క పొడుగు, ఒకదాని కాయ సన్నము, ఒకదానిది లావు. మెండెల్ బఠాణీలలో చూసిన విభజనను మీ కుండీలలో చూడదలచినచో మాత్రము ఆ గింజలే వేయుడు.

గింజను అర సెంటీమీటరు లోతుకు మించకుండ వేసి, పైన మెత్తని మట్టి చల్లవలెను. ఎనిమిది పది రోజులలో మొలక కనబడుతుంది. మొదటి అతిశ్రద్ధ ఇక్కడనే మొదలవుతుంది. మొలక ఎప్పుడు వస్తుందా అని పూటపూటకు నీరు చల్లుతాము. మట్టి బురదగా మారి, నారు మొదలు దగ్గర మెత్తబడి, ఒక్క రాత్రిలో దూదివత్తివలె వాలిపోతుంది. దీనినే నారుకుళ్ళు అంటారు. ఒకసారి వాలిన మొలక మరి లేవదు. మట్టి తడిగా ఉండవలెను గాని జిగటగా ఉండరాదు.

నారు జానెడు ఎత్తు ఎదిగిన తరువాత సాయంకాలము వేళ నాటవలెను. నేలలో అయితే రెండడుగుల ఎడము చాలును. కుండీ అయితే అడుగు లోతు, అడుగు వెడల్పు ఉండి, అడుగున రంధ్రములు ఉండవలెను. పాత రంగుల బకెట్టయినా సరే, శుభ్రముగా కడిగి రంధ్రములు చేసినచో పనికివస్తుంది. మా నల్లరేగడిని మాత్రము కుండీలో ఒంటరిగా నింపరాదు. అది నీటిని పట్టుకొని వదలదు. వేరుకు గాలి అందదు. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలిపితే చాలును. పచ్చి పేడ వేస్తే వేరు మాడుతుంది. ఎరువు మరీ ఎక్కువైతే ఆకులు నల్లపచ్చగా, చూడముచ్చటగా పెరుగుతాయి, పూత మాత్రము రాదు. అటువంటి మొక్కను చూసి మెచ్చుకొన్నవారే గాని దానినుండి కాయ కోసినవారు లేరు.

నీటి విషయము కొంచెము వివరముగా చెప్పవలెను. మధ్యాహ్నపు ఎండలో మిరప ఆకులు వాలిపోతాయి. అది చూసి జాలిపడి చెంబుడు నీళ్ళు పోస్తాము. ఆ సమయములో ఆకులనుండి ఆవిరయ్యే నీరు, వేరు పీల్చుకొనే నీటికంటె ఎక్కువ, అంతమాత్రమే. మట్టిలో తడి ఉండగానే ఇది జరుగుతుంది. ఎండ తగ్గగానే ఆకులు తమంతట తాము లేస్తాయి. సాయంకాలమునకు కూడ లేవనిచో అప్పుడు నీరు పోయవలెను. వేలు రెండు కణుపుల మేర మట్టిలో గుచ్చి, పొడిగా తగిలితేనే నీరు పోయుట నా పద్ధతి. ఈ పద్ధతి నేర్చుకొనేలోగా మొదటి సంవత్సరము ఆరు మొక్కలలో నాలుగింటిని ముంచి చంపినాను. పైగా కొంత నీటి ఎద్దడి తగిలిన మొక్క కాయలలో కారము పెరుగుతుంది.

నాటిన నలుబది రోజులకు అటూ ఇటూగా పూత మొదలవుతుంది. తెల్లని చిన్న పువ్వులు, తలలు వంచుకొని ఉంటాయి. మొదటి పూతలో సగము రాలినా భయపడరాదు. రాత్రులు వేడిగా ఉన్నప్పుడు పువ్వు పిందె కట్టదు. ఏప్రిల్, మే మాసములలో మొక్క పచ్చగా ఉండి కూడ కాయకపోవుటకు కారణము ఇదే.

ఇక్కడ ఒక అపోహను గురించి చెప్పవలెను. బజ్జీ మిరప ప్రక్కన ఘాటు మిరప నాటితే బజ్జీ కాయలు కారమెక్కుతాయని మా వీధిలో గట్టి నమ్మకము. మిరప పుప్పొడి ఒక మొక్కనుండి మరొకదానికి పోవుట నిజమే. కాని మనము తినే కండ, కారము పుట్టే తెల్లని భాగము తల్లి మొక్క శరీరమే. ప్రక్క మొక్క ప్రభావము గింజలోని పిండములో మాత్రమే దాగి ఉంటుంది. ఆ గింజ వేస్తే వచ్చే సంవత్సరపు కాయలో అది బయటపడవచ్చును.

ఇక ఆకుముడత. మిరప పెంచేవారికి దీనిని మించిన దిగులు లేదు. ఆకుల అంచులు పైకి ముడుచుకొని దొన్నెవలె అయితే అది తామర పురుగుల పని. అంచులు క్రిందికి ముడిగి, ఆకు తిరగేసిన పడవవలె కనబడితే నల్లి. తెల్లదోమ మోసుకొని వచ్చే వైరస్ తెగులు వేరు. ఆకులు చిన్నవై, గుంపుగా ముడుచుకొని, మొక్క గిడసబారిపోతుంది. దానికి మందు లేదు. ఆ మొక్కను పీకి దూరముగా పారవేయవలెను.

2021 చివరలో ఒక క్రొత్త జాతి నల్ల తామర పురుగు మన రెండు తెలుగు రాష్ట్రములలోని మిరప చేలను ఘోరముగా దెబ్బతీసినది. అది పువ్వులలో చేరి పూతను నాశనము చేసినది. రైతులు పంటను దున్నివేసిన వార్తలు రోజూ వింటున్న కాలములో, 2022 జనవరిలో, నా పెరటి మొక్కల ఆకులు కూడ పైకి ముడుచుకొన్నవి. కంగారుపడి బజారుకు పోయి ఒక దుకాణములో మందు అడిగినాను. వారు పెద్ద డబ్బానుండి చిన్న సీసాలో పోసి ఇచ్చినారు. దానికి పేరు లేదు, చీటీ లేదు. వృక్షశాస్త్రము బోధించేవాడినై ఉండి కూడ, కోతకు ఎన్ని రోజులు ఆగవలెనని నేను అడుగలేదు. సాయంకాలము పిచికారి చేసి నిశ్చింతగా నిద్రపోయినాను.

మా ఎదురింటి పెద్దావిడను వీధివారందరూ ఖాలాజాన్ అంటారు. మా పెరటి మొక్కలు సగము ఆమెవే. సాలన్‌కో చట్నీకో కావలసినప్పుడు వచ్చి కోసుకొనుట ఆమెకు అలవాటు. అడుగవలసిన పని లేదు. మరునాడు ఉదయము నేను కళాశాలకు బయలుదేరుతుండగా మొక్కల కొనలు బోసిగా కనబడినవి. పరుగున పోయి అడిగినాను. "తెల్లారే కోసుకున్నా బేటా, పిల్లల టిఫిన్‌లోకి చట్నీ చేశాను. వాళ్ళు బడికి పోయారు కూడా" అన్నది. నేను చేసిన పని దాచకుండ చెప్పినాను. ఆమె మిగిలిన చట్నీ గిన్నెను తీసి అవతల పెట్టి, కొడుకును వెంటనే బడికి పంపినది. పిల్లలు టిఫిన్ ఇంకా విప్పలేదు. కొడుకు డబ్బాలతో తిరిగి వచ్చేవరకు నేను వారి అరుగుమీదనే కూర్చున్నాను. అప్పుడు ఆమె అన్నది: "మిరపకాయకు కూడా విషం పెట్టాలా బేటా, దానికే అంత కారం ఉండగా?"

ఆ తరువాత నేను పెరటిలో వేప తప్ప మరేదీ వాడలేదు. ఏబది గ్రాముల వేపగింజల పొడిని గుడ్డలో మూటకట్టి లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయము పిండి వడకట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంకాలము ఆకుల అడుగు భాగము తడిసేటట్లు చల్లవలెను. వారమునకొకసారి చల్లితే పురుగు పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది. నాలుగు ముడత ఆకులున్న మొక్క కూడ కాయలు కాస్తుందని తెలుసుకొనుటకు నాకు అన్నేళ్ళు పట్టినది. పొలము సాగు వేరు; అక్కడ రైతు బ్రదుకు ఆ పంటమీద ఉన్నది, అతనికి పెరటివాడు సలహా చెప్పరాదు.

కోత సంగతి. పువ్వు పూసిన నాలుగైదు వారములకు కాయ పూర్తిగా ఎదిగి నిగనిగలాడుతుంది. పచ్చికాయగా కోయుటకు అదే తగిన సమయము. మరి రెండు మూడు వారములకు పండుతుంది. కాయను లాగరాదు, మిరప కొమ్మలు పెళుసు, కాయతోపాటు కొమ్మ, కొమ్మతోపాటు రాబోయే పూత విరిగివస్తాయి. తొడిమ పైకి ఎత్తి విరువవలెను, లేదా కత్తెర వాడవలెను. పచ్చికాయలు ఎప్పటికప్పుడు కోసినకొద్దీ మొక్క మరల పూస్తుంది. కాయలన్నీ చెట్టుమీదనే పండనిచ్చితే క్రొత్త పూత తగ్గిపోతుంది. అందుచేత రెండు మొక్కలను పచ్చికాయలకు, రెండింటిని పండు కాయలకు విడిగా ఉంచుట మంచిది.

కాయలు కోసిన చేయి మండితే నీటితో కడిగి ప్రయోజనము లేదు; కాప్సైసిన్ నీటిలో కరగదు. ముందు నూనె రాసి, తరువాత సబ్బుతో కడుగవలెను. నోరు మండితే మజ్జిగ. అసలు ఈ మంట నిజమైన వేడి కాదు. మన నరములలో వేడిని గుర్తించే ఒక గ్రాహకమును కాప్సైసిన్ తాకి, కాలిన భ్రమ కలిగిస్తుంది. డేవిడ్ జూలియస్ బృందము 1997లో ఈ గ్రాహకమును కనుగొన్నది. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి లభించినది. పక్షులలోని గ్రాహకమునకు కాప్సైసిన్ సోకదు. అందుకే రామచిలుక పండుమిరపను హాయిగా తిని గింజలను దూరదూరములకు చల్లుతుంది. ఈ కాయకు మరొక నోబెల్ సంబంధము కూడ ఉన్నది. 1937లో ఆ బహుమతి పొందిన హంగేరీ శాస్త్రజ్ఞుడు సెంట్ జార్జి, విటమిన్ సి ని సమృద్ధిగా వేరుచేసినది తన ఊరి ఎర్ర మిరపనుండియే.

పండు కాయలను మట్టినేలమీద ఎండబెట్టరాదు. పరిశుభ్రమైన పట్టామీద పలుచగా పరచి, రాత్రి మంచు తగలకుండ కప్పవలెను. కాయను ఊపితే గింజలు గలగలలాడవలెను. తడి మిగిలిన కాయలకు బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషము పుట్టవచ్చును. అది కాలేయమునకు చేటు, వండినంత మాత్రాన పోదు. బూజు పట్టిన కాయను చూసి కడిగి వాడుకొందాము అనుకొనవద్దు.

కళాశాల కార్యవర్గము వారికి ఒక చిన్న మనవి. ప్రయోగశాల వెనుక దక్షిణపు గోడ ప్రక్కన రోజుకు ఆరు గంటలు ఎండ తగిలే నేల ఖాళీగా ఉన్నది. పది అడుగుల మేర విద్యార్థులకు ఇప్పించినచో వచ్చే జూలైలో నారు పోయవచ్చును. పెరటిలో ఒంటరిగా దూరముగా పెంచిన ఒక మొక్కనుండి బాగా పండిన కాయలు కోసి, గింజలను నీడలో ఆరబెట్టి ఉంచినాను. కావలసినవారు జూన్ చివరి వారములో విభాగమునకు వచ్చి తీసుకొనవచ్చును. పొట్లము మీద రకము పేరు, కోసిన తేది వ్రాసి ఉంటాయి.